ఊరు లేనివారి విచారణ

“ఫాదర్ గారూ, ఇల్లూ వాకిలీ లేకుండా తిరగటం పాపమా?”

ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగించి పూజావస్త్రాలు తీసి పెడుతుండగా మా విచారణకు చెందిన ఒక తల్లి గుమ్మం దగ్గర నిలబడి ఈ ప్రశ్న అడిగింది. దొంగతనం గురించో అబద్ధం గురించో అడిగి ఉంటే జవాబు నా నాలుక చివరే ఉండేది. ఈ ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు. “ఎవరమ్మా తిరుగుతున్నది?” అన్నాను. “మా చిన్నోడూ, కోడలూనండీ” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సంగతి ఇది. ఆ అబ్బాయీ, అతని భార్యా హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలలో పనిచేసేవారు. పెండ్లి అయిన రెండేండ్లకు అద్దె ఇల్లు ఖాళీ చేశారు. సామాను అమ్మేశారు. ఒక మోటారు సైకిలు, రెండు సంచులు, ఒక చిన్న గుడారం మాత్రం ఉంచుకొని రోడ్డెక్కారు. వేసవిలో హిమాలయాలలో కాలినడకన కొండలెక్కేవారికి తోడు వెళ్ళే పని. వానలు వెనకబడ్డాక హిమాచల్‌లో ఆపిలు తోటల కోత పని. చలికాలం వస్తే దక్షిణాదికి దిగి ఏదో బసలో వంటపనో లెక్కల పనో. ఒక చోట పని అయిపోతే మరో చోటికి. ఇలా రెండేండ్లుగా సాగుతున్నది.

“చుట్టాలు మీవాడు ఎక్కడుంటున్నాడని అడిగితే ఏ ఊరి పేరు చెప్పమంటారు? రేపు నాకేమన్నా అయితే కబురు ఎక్కడికి పంపుతారు?” అని ఆ తల్లి అడిగింది. ఆ చివరి మాట నన్ను తాకింది. అది చుట్టాల ముందు పరువు కోసం అన్న మాట కాదు. మనిషికి ఒక చిరునామా ఎందుకుండాలి అన్న పెద్ద ప్రశ్నే ఆ తల్లి నోట కన్నీటితో వచ్చింది.

“వాళ్ళు వచ్చినప్పుడు నా దగ్గరకు పంపమ్మా, నేను మాట్లాడతాను” అన్నాను. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి గనుక ఇద్దరికీ గట్టిగా బుద్ధి చెప్పడానికి వాదనలన్నీ సిద్ధం చేసుకున్నాను. తీరా నేను నేర్పిందానికంటే నేర్చుకున్నదే ఎక్కువైంది. అందుకే ఈ వారం ఆ సంగతి మీతో పంచుకుంటున్నాను.

తిరిగే కాలు

మన తెలుగులో తిరిగేవాణ్ణి తిట్టడానికి మాటలకు కొదవలేదు. తిరుగుబోతు, దేశదిమ్మరి, ఊరూ పేరూ లేనివాడు అంటాం. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవని సామెత. అదే భాషలో యాత్రికుణ్ణి గౌరవించే మాటలూ ఉన్నాయి. కాశీకి వెళ్ళి వచ్చినవాని కాళ్ళకు నీళ్ళిచ్చిన దేశం మనది. ఏనుగుల వీరాస్వామిగారు 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి వెళ్ళివచ్చి తన యాత్రను వ్రాసిపెడితే నేటికీ శ్రద్ధగా చదువుతున్నాం. అంటే తిరగటం ఒకటే అయినా మన తీర్పులు మాత్రం రెండు.

శ్రీసభ చరిత్రలోనూ అంతే. 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్టువారు తమ మఠవాసులకు నియమావళి వ్రాస్తూ మొదటి అధ్యాయంలోనే సన్యాసులు నాలుగు రకాలన్నారు. వారిలో అందరికంటే అధములు ఎవరంటే, ఒక్కొక్క మఠంలో మూడు నాలుగు రోజులు అతిథులుగా ఉండి, తిని, మళ్ళీ మరో మఠానికి సాగిపోయేవారు. అందుకే ఆయన మార్గంలో చేరేవారు స్థిరనివాసానికి మాటపట్టు ఇవ్వాలి. ఇక రెండోవైపు చూడండి. 1748లో ఫ్రాన్సులో పుట్టిన పునీత బెనెడిక్టు జోసెఫు లాబ్రే మఠాలలో చేరాలని ప్రయత్నించాడు, ఎక్కడా కుదరలేదు. చివరకు రోడ్డునే మఠంగా చేసుకున్నాడు. పుణ్యక్షేత్రం నుండి పుణ్యక్షేత్రానికి నడుస్తూ, రోమునగరంలో పాత శిథిలాలలో పడుకుంటూ, 1783లో 35 ఏండ్ల వయసులో చనిపోయాడు. శ్రీసభ 1881లో ఆయనను పునీతునిగా ప్రకటించింది. పేరు ఒకటే, బెనెడిక్టు. ఒకరు కాలు నిలపమన్నారు, మరొకరు జీవితమంతా నడిచారు. ఇద్దరూ పునీతులే.

కనుక పాపమో పుణ్యమో కాళ్ళలో లేదు. మరి ఎక్కడ ఉన్నది?

అరుగు మీద రెండు రాత్రులు

ఫిబ్రవరిలో ఆ దంపతులు వచ్చారు. గురునివాసంలో గది ఇస్తానన్నా వినకుండా బయట అరుగు మీదనే గుడారం వేసుకున్నారు. ఎండకు నల్లబడిన ముఖాలు, నవ్వే కళ్ళు. రాత్రి భోజనాల దగ్గర నేను సిద్ధం చేసుకున్న వాదనలు బయటపెట్టాను. పునీత బెనెడిక్టువారి మాట చెప్పాను. వేర్లు లేని చెట్టు నిలవదన్నాను. మనిషి సంఘజీవి అని, ఊరు లేకుండా బ్రతకగలిగేవాడు పశువైనా కావాలి, దేవుడైనా కావాలి అన్నది అరిస్టాటిలు అభిప్రాయమని చెప్పాను.

అబ్బాయి మర్యాదగా విన్నాడు. “ఫాదర్, హైదరాబాదులో మేముండిన అపార్టుమెంటులో నలభై కుటుంబాలు. ఎదురింటివారి పేరు మూడేండ్లలో మాకు తెలియలేదు. అది ఊరంటారా? ఇప్పుడు కొండల్లో ఒక్క రాత్రి ఆగిన ఇంట్లో ముసలమ్మ పేరు, ఆమె మోకాలి నొప్పి కూడా మాకు తెలుసు” అన్నాడు. నేను దానికి వెంటనే ఒప్పుకోలేదు. ఒక్క రాత్రి పరిచయంలో మనిషి తీపే కనపడుతుంది, పదేండ్లు పక్కన ఉంటే చేదు కూడా తెలుస్తుంది, చేదు తెలిసిన తరువాత కూడా ప్రేమించడమే ప్రేమ అన్నాను. అబ్బాయి తల ఊపాడు. ఆ మాట అతనికి తగిలిందనే అనుకుంటున్నాను.

అప్పుడు కోడలుపిల్ల నెమ్మదిగా, “ఫాదర్, గురువైనప్పటినుండి మీరు ఎన్ని ఊళ్ళు మారారు?” అని అడిగింది.

లెక్కపెట్టుకున్నాను. ఏడు. ఒక ట్రంకు పెట్టె, ఒక పుస్తకాల మూట. బదిలీ ఉత్తరం వస్తే వారం రోజుల్లో మూట కట్టుకోవలసిందే. నేను కూడా సీజను పనివాడినే. కాకపోతే నా సీజను అయిదేండ్లు! ముగ్గురం నవ్వుకున్నాం. కాని ఆ రాత్రి నిద్రపోయే ముందు ఒక మాట నాకు తట్టింది. నేను ఏ ఊరికి వెళ్ళినా నన్ను పంపినవారున్నారు, నాకోసం ఎదురుచూసేవారున్నారు. చచ్చిపోతే నన్ను ఎక్కడ పాతిపెట్టాలో కూడా తెలిసినవారున్నారు. ఊళ్ళు మారినా నేను ఊరు లేనివాణ్ణి కాను. స్థిరత్వం అంటే ఒకే నేల మీద నిలవడం కాదు, మనకోసం అడిగేవారు ఉండటం. పునీత బెనెడిక్టువారు కోరిన స్థిరత్వం కూడా గోడలకు కాదు, తోటి సోదరులకు కట్టుబడి ఉండటం.

మిరపతోటలో ఒక ప్రశ్న

మరునాడు ఉదయం మా ఉపదేశితో కలిసి ఇద్దర్నీ వెంటబెట్టుకొని మిరపతోటల వైపు నడిచాను. ఈ పినపాక ప్రాంతం గురించి తెలియని పాఠకులకు ఒక మాట. 2016 వరకు ఇది ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒక పక్క గోదావరి, ఒక పక్క మణుగూరు బొగ్గు గనులు, మిగిలినదంతా అడవి. గోదావరి దాటి అడవిలో తూర్పుగా పోతే ఛత్తీస్‌గఢ్. ఏటా మిరప పండే వేళకు బీజాపూరు, సుక్మా, దంతెవాడ జిల్లాల నుండి కోయలు కుటుంబాలతో సహా ఇటు వస్తారు. కొందరు వాహనాలలో వస్తారు, కొందరు అడవిదారిన నడిచే వస్తారు. మిరపకాయ ఏరుడు అయిపోయాక ఎండలు ముదిరితే తునికాకు సేకరణ. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక సంచి. తొలకరికి ముందు, సొంత పొలం ఉన్నవారు విత్తనాలు చల్లుకోవడానికి వెళ్ళిపోతారు.

తోట గట్టున చెట్లకింద నీలం పట్టాలు కట్టుకొని ఇరవై కుటుంబాల వరకు ఉన్నాయి. ఒక జంట ఒకే సాలులో చెరో పక్క నిలబడి కాయలు ఏరుతున్నది. గట్టుమీద వారి సంసారం ఉన్నది: ఒక వంటపాత్ర, బియ్యం మూట, చాప, కాలికి తాడు కట్టిన కోడిపుంజు, గుడ్డ ఉయ్యాలలో పసిబిడ్డ. మా అబ్బాయి తన భార్యతో, “మన సంచులకంటే వీళ్ళ మూట చిన్నది” అన్నాడు.

పైకి చూస్తే రెండు జంటలదీ ఒకే బ్రతుకు. ఇద్దరూ వయసులో ఉన్నవారే. నడక, రోడ్డు, పరాయి తోటలో సీజను పని, గుడారంలో నిద్ర. ఒకరు ఆపిలుపండ్లు కోసి వచ్చారు, ఒకరు మిరపకాయలు కోస్తున్నారు. అయితే ఒక జంట కథను “సాహసం” అంటాం, మరో జంట కథను “వలస” అంటాం. ఎందుకు?

దానికి జవాబు ఆ కోయ తల్లే చెప్పింది. ఆమె మా కోడలుపిల్ల వైపు చూసి కోయభాషలో ఏదో అడిగింది. ఉపదేశి నవ్వుతూ చెప్పాడు: “మీదే ఊరు, మీ పొలం ఏమైంది, ఎవరన్నా లాక్కున్నారా అని అడుగుతున్నదమ్మా.”

అమ్మాయి ఏమి చెప్పాలో తోచక, “మాకు ఇష్టమయ్యే తిరుగుతున్నామని చెప్పండి” అన్నది. ఉపదేశి చెప్పాడు. ఆ తల్లికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఇష్టపడి ఇల్లు విడిచి వచ్చేవారు లోకంలో ఉంటారని ఆమెకు తోచలేదు. చెప్పుకోలేని కష్టమేదో ఉండి ఉంటుందని అనుకున్నట్టున్నది. లేచి వెళ్ళి గిన్నెలో జావ పోసి తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టింది.

తిరిగి వస్తుంటే దారిపొడుగునా ఆ పిల్ల మాట్లాడలేదు. చివరకు, “ఫాదర్, మేము స్వేచ్ఛగా ఉన్నామనుకున్నాను. మాకు ఉన్నది స్వేచ్ఛ కాదేమో, వెనక్కి పోవడానికి ఒక తలుపేమో” అన్నది.

తలుపు ఉన్న దారి, తలుపు లేని దారి

ఆ మాటలో చాలా నిజం ఉన్నది. ఆ దంపతులకు కొండల్లో జబ్బు చేస్తే బ్యాంకులో కొంత సొమ్మున్నది, తల్లి ఇల్లు ఉన్నది, మళ్ళీ ఉద్యోగం ఇచ్చే చదువున్నది. కోయ దంపతులకు జబ్బు చేస్తే ఆ రోజు కూలి పోతుంది. దారి మంచిదో చెడ్డదో తేల్చేది దారి కాదు. ఆ దారిని వద్దనుకునే వీలు నడిచేవారికి ఉన్నదా లేదా అన్నదే తేల్చుతుంది.

కొందరు అంటారు: “వాళ్ళను ఎవరు రమ్మన్నారు ఫాదర్? కూలి కోసం వాళ్ళ ఇష్టంతోనే వచ్చారు గదా.” ఈ మాటను కొంచెం విప్పి చూద్దాం. మునిగిపోయే పడవలోని వర్తకుడు తన సరుకును తానే సముద్రంలో పారవేస్తాడు. అది అతని ఇష్టమా, బలవంతమా? ఈ ఉదాహరణ అరిస్టాటిలుది. పునీత తోమాసు అక్వినాసువారు కూడా దీనిని తీసుకొని ఆలోచించారు. చేయి అతనిదే, నిర్ణయమూ అతనిదే. అయినా తుపాను లేకపోతే అతడు ఆ పని చేసేవాడు కాదు. కనుక “ఇష్టంతోనే వచ్చారు” అనేవారు తుపాను సంగతి కూడా చెప్పాలి.

ఇక్కడి తుపాను చాలామందికి తెలిసినదే. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన తరువాత అటు వారికీ ఇటు వారికీ మధ్య చిక్కిన ఊళ్ళు ఎన్నో ఖాళీ అయ్యాయి. వేలాది కుటుంబాలు మన ఖమ్మం, వరంగల్ అడవులలోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధాలిచ్చి వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గాని కాలిపోయిన ఊళ్ళు తిరిగి రాలేదు. మనం గుత్తికోయలని పిలిచే వీరు మన కోయల భాషే మాట్లాడతారు. అయినా హద్దు దాటి వచ్చారు గనుక ఇక్కడ గిరిజన ధ్రువపత్రం పొందటం వారికి చాలా కష్టం.

ఇంకొక సంగతి. పక్కనున్న మహారాష్ట్రలో చెరకు కోతకు వలస వెళ్ళే భార్యాభర్తలను కలిపి ఒక “కోయ్‌తా”గా లెక్కిస్తారు. కోయ్‌తా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు, ఒక వివాహ బంధం, లెక్కలో మాత్రం ఒక కొడవలి. శ్రీసభ వివాహాన్ని దివ్యసంస్కారం అంటుంది. సంత దాన్ని పనిముట్టు అంటుంది. పని చేయడం అవమానం కాదు. మనిషిని అతని పనిముట్టు పేరుతోనే తెలుసుకోవడం అవమానం. మా తోటల్లో కూడా “నీకు ఎన్ని జంటలు వచ్చినయ్?” అని రైతులు ఒకరినొకరు అడగటం విన్నాను. ఆ జంటల పేర్లు అడిగినవారిని తక్కువగా చూశాను.

2020 ఏప్రిల్‌లో జరిగినది మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా కట్టడికి దేశమంతా మూతపడింది. మన పొరుగునే ఉన్న ములుగు జిల్లా పేరూరులో మిరప పనికి వచ్చిన బీజాపూరు కూలీలు కొందరు పని ఆగిపోయి కాలినడకన ఇంటిదారి పట్టారు. వారిలో 12 ఏండ్ల ఆడపిల్ల ఉన్నది. వంద కిలోమీటర్లకు పైగా, మూడు రోజులు, అడవిదారిన నడిచింది. ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా 18వ తేదీన ప్రాణం విడిచింది. పత్రికలన్నీ వ్రాశాయి, మనమూ చదివి కన్నీరు పెట్టుకున్నాం. ఆ పిల్ల ఏరిన మిరపకాయలు కారమై ఎవరి ఇంటి జాడీలోనో ఆ ఏడాది పచ్చడిలో కలిసే ఉంటాయి.

నా తప్పు

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు కోడలుపిల్ల మరో ప్రశ్న అడిగింది. “ఆ గుడారాల్లో ఒకామె మెడలో జపమాల ఉంది, చూశారా ఫాదర్? వాళ్ళ విచారణ ఏది? వాళ్ళకు విచారణ గురువు ఎవరు?”

నేను మాట మార్చాను. ఎందుకు మార్చానో ఇప్పుడు చెబుతాను.

పదేండ్ల క్రితం సంగతి. అప్పుడు నేను మరో విచారణలో ఉన్నాను. మిరప కాలంలో ఒక సాయంకాలం ఇలాంటి జంటే ఒక పసిబిడ్డను ఎత్తుకొని వచ్చింది. ఆ తల్లి మెడలోనూ జపమాల ఉన్నది. బిడ్డకు జ్ఞానస్నానం ఇమ్మని అడిగారు. నేను చట్టప్రకారం మాట్లాడుతున్నాననుకున్నాను. మీది ఏ విచారణ? మీ ఫాదరు గారి ఉత్తరం ఏది? మీ పెండ్లి ఏ పుస్తకంలో వ్రాసి ఉంది? అని అడిగాను. తమ ఊరే ఇప్పుడు లేదని ఆ తండ్రి చెప్పాడు. “అయితే మీరు స్థిరపడిన చోట ఇప్పించుకోండి” అని చెప్పి పంపించాను. వాళ్ళు ఎదురు చెప్పలేదు. దణ్ణం పెట్టి వెళ్ళారు. వారం తరువాత మనసు ఆగక తోటకు వెళ్ళాను. ఏరుడు అయిపోయింది. గట్టుమీద పొయ్యిరాళ్ళు మూడు మిగిలి ఉన్నాయి.

వారి పేర్లు నాకు తెలియవు. అడిగిన ప్రశ్నలన్నీ కాగితాల గురించే, పేర్లు అడగలేదు. ఆ తరువాత నాకు బదిలీ అయ్యింది. ఒకవేళ వారు మళ్ళీ ఆ గుమ్మం ముందుకు వచ్చినా నేను అక్కడ లేను. వారిని చిరునామా అడిగినవాడే ఆ చిరునామాలో లేకుండా పోయాడు.

చట్టం ఏమి చెబుతున్నది?

ఆ రాత్రి అలమారులో నుండి 1983 నాటి శ్రీసభ చట్టసంపుటి తీశాను. గురువిద్యాలయంలో పరీక్షకు చదివి మరచిపోయిన నిబంధనలు 100, 102, 107. ఒక విచారణలో కనీసం మూడు నెలలు ఉండాలన్న ఉద్దేశంతో వచ్చి నివసించేవారికి, లేదా నిజంగా మూడు నెలలు ఉన్నవారికి, అక్కడ ఒక విధమైన నివాసం ఏర్పడుతుంది. ఆ నివాసంతో ఆ విచారణ గురువు వారికి సొంత గురువవుతాడు. మూడు నెలలు! ఒక మిరప సీజను. ఎక్కడా నివాసం లేని సంచారికి కూడా చట్టంలో పేరున్నది, గురువూ ఉన్నాడు. అతడు ప్రస్తుతం ఎక్కడ ఉంటే అక్కడి విచారణ గురువే అతని గురువు. ఎంత చక్కని నిబంధనో చూడండి. శ్రీసభ లెక్కలో గురువు లేని మనిషంటూ ఉండకూడదని చట్టం వ్రాసినవారి ఉద్దేశం. ఆ సాయంకాలం ఆ తండ్రి ఎదుట నిలబడి ఉన్నది అతని విచారణ గురువే. ఆ సంగతి అతనికి తెలియదు. నాకు తెలిసి ఉండాలి.

“పారిష్” అన్న మాట గ్రీకు “పరోయికియా” నుండి వచ్చింది. దాని అర్థం పరదేశిగా నివసించడం. మొదటి క్రైస్తవులు తమ సంఘాలను పరదేశుల విడిది అనే పిలుచుకున్నారు. వారిలో గుడారాలు కుట్టి బ్రతికిన ఒక జంట ఉన్నది, అక్విలా ప్రిస్కిల్లాలు. చక్రవర్తి క్లౌదియ యూదులను రోమునగరం నుండి వెళ్ళగొడితే కొరింతుకు వచ్చారు, అక్కడ తమ వృత్తివాడే అయిన పౌలుగారికి ఇంట చోటిచ్చారు, తరువాత ఎఫెసుకు సాగిపోయారు. వెళ్ళగొట్టబడిన వలస కూలీల ఇంటిలోనే సంఘం కూడుకున్నది. ఇక పసివాడైన యేసునాథుణ్ణి ఎత్తుకొని ఐగుప్తుకు పారిపోయిన జోజప్పగారి కుటుంబాన్ని వలస కుటుంబాలకు ఆదర్శంగా చూపుతూ 12వ భక్తినాథ పోపుగారు 1952లో ఒక ప్రత్యేక లేఖనే వెలువరించారు. ఇంత వారసత్వం ఉన్న మనం పరదేశుల విడిది గుమ్మంలో కూర్చొని పరదేశి నుండి కాగితం అడుగుతున్నాం.

మన తెలుగు కతోలికులు “పారిష్”ను విచారణ అన్నారు. పోలీసుస్టేషనులోనూ విచారణే, కోర్టులోనూ విచారణే. అక్కడ విచారణ అంటే నువ్వెవరని నిలదీయడం. మన పెద్దలు ఆ మాటను ఇంకో అర్థంతో తీసుకున్నారు. పక్కింటి వారికి జ్వరం వస్తే వెళ్ళి విచారించి వస్తాం గదా, ఆ అర్థంతో. ఎలా ఉన్నావని అడగటమే విచారణ. ఆ సాయంకాలం నేను మొదటి విచారణ చేశాను. చేయవలసింది రెండవది.

ఆ తల్లికి జవాబు

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వస్తాను. తిరగటం పాపం కాదమ్మా. పునీత తోమాసువారు ఈ లోకంలో బ్రతికే ప్రతి మనిషినీ బాటసారి అనే పిలిచారు. చేరవలసిన చోటు ఇది కాదు గనుక. కాని బాటసారికీ ధర్మం ఉన్నది. నీ కొడుకునూ కోడలినీ నేను రెండు ప్రశ్నలు అడిగాను. మీ కోసం ఎవరైనా అడుగుతుంటే వారికి అందేచోట ఉన్నారా? మీరు ఎవరి కోసమైనా, వారి చేదు తెలిసిన తరువాత కూడా, ఆగి నిలబడగలరా? ఈ రెంటికీ “ఔను” అనగలిగితే మీ గుడారమే ఇల్లు. అనలేకపోతే హైదరాబాదులో మూడంతస్తుల మేడ కట్టినా మీరు ఊరు లేనివారే.

వారు జవాబు చెప్పడానికి తొందరపడలేదు. అది నాకు నచ్చింది. వెళ్ళేటప్పుడు అబ్బాయి తల్లి చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టాడు. అందులో ఏ నెల ఎక్కడ ఉంటారో, అక్కడ కబురు అందించగలవారు ఎవరో, వారి ఫోను నంబర్లు ఏమిటో వ్రాసి ఉన్నాయి. ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఫోను చేస్తామని మాట ఇచ్చారు. ఆ తల్లికి పూర్తిగా తృప్తి కలగలేదు. ఏ తల్లికి కలుగుతుంది? కాని కబురు ఎక్కడికి పంపాలన్న భయం పోయింది.

ఒకే ఇంట్లో ఇరవై ఏండ్లు ఉంటున్న మనకు మూడో ప్రశ్న ఉన్నది. మనం కదలకుండా ఉండటానికి ఎవరు కదులుతున్నారు? మన పంట ఇంటికి రావడానికి ఎవరు ఇల్లు విడిచి వస్తున్నారు? ఈ ప్రశ్న అడుగుకొని మా విచారణలో ఈ సీజను ఒక చిన్న పని మొదలుపెట్టాం. ఒక పుస్తకం తెచ్చాం. ఉపదేశీ, ఇద్దరు యువకులూ తోటల వెంట తిరిగి వచ్చిన కుటుంబాల పేర్లు, బిడ్డల వయసులు వ్రాస్తున్నారు. మతం ఏదని అడగటం లేదు. మన గుడి వరండాలో పగటిపూట పసిపిల్లలను చూసుకోవడానికి ఇద్దరు తల్లులు ముందుకు వచ్చారు. పిల్లలైనా మిరప ఘాటులో ఉండకుండా ఉంటారు.

తోటలున్న కుటుంబాలకు నా విన్నపం. అప్పు తెచ్చి సాగు చేసిన మీ కష్టం నాకు తెలుసు. ధర పడిపోయిన ఏడు మీ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో కూడా తెలుసు. అయినా ఒప్పుకున్న కూలి ఒప్పుకున్న రోజే ఇవ్వండి. తాగే నీరు, మందుల పెట్టె గట్టుమీద ఉంచండి. చదువుకునే వయసు పిల్లలను సాలులో నిలబెట్టకండి. వీటన్నిటికంటే ముందు, ఖర్చులేనిది ఒకటి చేయండి. వారి పేర్లు అడగండి.

విచారణ పుస్తకంలో జ్ఞానస్నానాల పేజీ తీసిన ప్రతిసారీ పదేండ్ల క్రితం వ్రాయవలసి ఉండి వ్రాయని ఒక పేరు నాకు గుర్తుకు వస్తుంది. ఆ బిడ్డకు ఇప్పుడు పదేండ్లు నిండి ఉంటాయి. తల్లిదండ్రుల వెంట ఏదో తోటలో ఉండవచ్చు. ఎక్కడ ఉన్నా ఎవరో ఒకరు ఆ బిడ్డను విచారించి ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను. ఫిబ్రవరి వచ్చినప్పుడల్లా గట్ల వెంట నడుస్తూ, పదేండ్ల వయసు పిల్లలు కనపడితే ఆగి పేరు అడుగుతున్నాను.